అప్పుచేసి తమ్ముడికి పప్పుకూడు

ప్రశ్న: జపాన్ సీరియల్ ‘హిబానా’ సగం చూశాను. హాస్యగాళ్ల కథ అన్నారు గానీ నవ్వు రాలేదు. పైగా చేతిలో చిల్లిగవ్వ లేని కమియా రోజూ అప్పుచేసి మరీ తొకునాగాకి తాగబోస్తాడు, తినబెడతాడు. ఆ కుర్రాడు పర్సు కూడా తీయడు. ఒళ్లు మండిపోతోంది. ఇదేం స్నేహమండీ?
- ఒక పాఠకురాలు

జవాబు: నాకూ మండింది. టీవీలో చెయ్యిపెట్టి తొకునాగా చెవి మెలేసి, ‘సగమైనా ఇవ్వరా’ అందామనుకున్నాను. కానీ అక్కడ హాస్యగాళ్ల కట్టుబాటు వేరు. ఇద్దరు కలిసి తింటే బిల్లు సీనియర్‌దే. సీనియారిటీకి వయసుతో పనిలేదు, ఎవరు ముందు రంగంలోకి దిగారన్నదే లెక్క. పద్దెనిమిదేళ్లవాడు ముప్పయ్యేళ్లవాడికి అన్న కావచ్చు, ఆ అన్నే డబ్బు కట్టాలి! జూనియర్ పర్సు తీశాడంటే ‘నీ దగ్గర లేదుగా’ అని అన్న మొహం మీద అన్నట్టే.

మొదటి ఎపిసోడ్ మళ్లీ చూడండి. అతామి సముద్రతీరంలో బాణసంచా పండగ. తొకునాగా, అతని జోడీ యమషితల మంజాయ్, అంటే ఇద్దరు కలిసి మాటలతో నవ్వించే ఆట, ఒక్కరూ వినరు. వాళ్ల తర్వాత ఎక్కిన కమియా, దారిన పోయేవాళ్లని వేలెత్తి చూపిస్తూ ‘నరకం, నరకం’ అని అరుస్తాడు. ఆ రాత్రే తొకునాగా అతనికి శిష్యుడవుతాడు. గురువు పెట్టిన షరతు ఒకటే: నా జీవితచరిత్ర నువ్వు రాయాలి. కుర్రాడు నోటుబుక్కుల కొద్దీ రాస్తూనే ఉంటాడు. మీరు బాకీ లెక్క ఒకవైపే చూస్తున్నారు. వేదిక మీద ఎవరూ వినని మనిషి మాటని ఒకడు కూర్చుని రాసుకుంటున్నాడంటే, టోక్యోలోని కిచిజోజి పేట సందుల్లో తాగిన సారా ఏపాటి?

నవ్వు సంగతంటారా, అది సబ్‌టైటిల్స్‌లో సగం చచ్చిపోతుంది. మంజాయ్‌లో బోకె తిక్కగా వాగుతాడు, త్సుక్కోమి వెంటనే తగులుకుంటాడు. ఆ వేగం, ఆ ఒసాకా వైపు యాస చదివితే వచ్చేవి కావు. 2015లో జపాన్ సాహిత్య పురస్కారం అకుతగావా బహుమతి పొందిన మూల నవల రాసిన మతయోషి నవోకి కూడా వేదికెక్కి నవ్వించే మనిషే. పది ఎపిసోడ్లే, ఆపకండి. చివర్లో తొకునాగా జనాన్ని నోటికొచ్చినట్టు తిడతాడు, ఎందుకో నేను చెప్పను. రుమాలు దగ్గర పెట్టుకోండి.

అన్నట్టు, కమియా జోడీ ఒబయాషిగా వేసిన మురాతా హిదెయాకి నిజంగానే హాస్యగాడు. 2016లో ఈ సీరియల్ వచ్చింది. జోడీ కట్టి పదిహేనేళ్లు దాటితే ఎం-1 అనే మంజాయ్ పోటీకి పనికిరారు. ‘తోరో సామన్’ అనే ఆయన జంట చిట్టచివరి అవకాశంలో, 2017లో, ఆ పోటీ గెలిచి కోటి యెన్లు పట్టుకెళ్లింది.