పాత గోడ బీటలిస్తే ముందు సిమెంటు బస్తా కొనకండి

"80 ఏళ్ళ నాటి ఇల్లు, గోడల పూత బీటలిచ్చింది, సిమెంటు మెత్తి పైన పుట్టీ పెట్టించేద్దామా?" అని అడిగారు. వద్దండీ. మీ గోడ ఇటుకా సున్నంతో కట్టినదైతే అసలే వద్దు.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు, నల్లరేగడి నేల. వానలకి ఉబ్బుతుంది, ఎండలకి నెర్రెలిస్తుంది, దాంతోపాటు ఇల్లూ కదులుతుంది. సున్నం ఆ కదలికని కొంత ఓర్చుకుంటుంది. సిమెంటు ఓర్చుకోదు, పైగా నేలలోంచి ఎక్కే చెమ్మని బయటికి పోనివ్వదు. మా బాబాయి వాటాలో ఓ కాంట్రాక్టరు అదే చేసి డబ్బులు తీసుకుని వెళ్ళాడు. రెండో వానాకాలానికి గోడ నడుమెత్తు దాకా ఉప్పు పూసి, సిమెంటు లోపలి ఇటుక పొడితో సహా పెచ్చులుగా ఊడొచ్చింది. తప్పు ఇటుకలదేనని బాబాయి ఇప్పటికీ వాదిస్తాడు.

మా వాటాకి నాన్న ఓ ముసలి మేస్త్రిని పిలిపించారు. ఆయన వచ్చీరాగానే తాపీ తిరగేసి పట్టుకుని, పిడితో గోడంతా తట్టుకుంటూ పోయాడు. గట్టిగా పలికినచోటు వదిలేశాడు, డొల్లగా పలికినచోట బొగ్గుతో గీత గీశాడు. పడమటి గది కిటికీ మూలనుంచి ఏటవాలుగా పోయిన పగులుని మాత్రం ముట్టుకోలేదు. దానికి అడ్డంగా చిన్న గాజుముక్క అతికించి, "వానలు పడనివ్వండి బాబూ, ఇది పగిలిందంటే రోగం పునాదిలో ఉన్నట్టు" అన్నాడు. శ్రావణంలో పగలనే పగిలింది. చూస్తే దొడ్లో పంపు నీళ్ళన్నీ ఆ మూలే ఇంకుతున్నాయి. కాలువ మళ్ళించి, గోడ కుదుటపడ్డాకే ఆ పగులు జోలికెళ్ళాడు.

మిగతాచోట్ల డొల్ల పూతంతా రాల్చి, దుమ్ము దులిపి, గోడని బాగా తడిపి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసుక వేసి కరక్కాయ, బెల్లం నానిన నీళ్ళతో కలిపాడు. పల్చటి పొర వేసి, అది బిగిశాకే ఇంకోటి. ఎండ తగలకుండా తడి గోనెపట్టాలు కట్టాడు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుంటూ మెల్లగా రాయవుతుంది, తొందరపెడితే కుదరదు. ఆ పని జరిగినన్నాళ్ళూ ఇంట్లో బెల్లం పులిసిన వాసన, వరండా నిండా చీమలు, అమ్మ సణుగుడు.

ఇప్పుడు రంగుల షాపుకెళ్ళి ఏ గోడ గురించి చెప్పినా పుట్టీయే రాసిస్తారు. జ్వరమొచ్చిందన్నా అదే ఇస్తారేమో. సున్నం పని వచ్చా అంటే కుర్ర మేస్త్రీలు నవ్వుతారు. చుట్టాలైతే ఆ కొంప పడగొట్టి అపార్ట్‌మెంటుకిచ్చెయ్యమంటారు, అదీ మన కాఫీ తాగుతూనే.

మీ పూత ఏదో తేలాలంటే మేకుతో గీకండి. తేలిగ్గా తెల్లపొడి రాలితే చాలావరకు సున్నమే. బజార్లో వెల్లకని అమ్మే పొడి సంచీ తెచ్చి పూతకి కలిపెయ్యకండి, బాగా నానిన ముద్దసున్నం కావాలి. పైన గుల్లసున్నం వెల్ల వేయించండి, ప్లాస్టిక్ పెయింటు దగ్గరికి రానివ్వకండి.