వ్యూహన అంటే వ్యూహం పన్నడమా?

సందేహం: జీవశాస్త్రం పాఠంలో 'స్వతంత్ర వ్యూహన సూత్రం' (ఇండిపెండెంట్ అసార్ట్‌మెంట్) అని ఉంది. వ్యూహం అంటే ఎత్తుగడ కదా, జన్యువులకు ఎత్తుగడలేమిటి? 'స్వేచ్ఛా వ్యూహన' అంటే తప్పా?

సమాధానం: వ్యూహానికి ఎత్తుగడ అనే అర్థం తర్వాత వచ్చింది. సేనలో ఏ భాగం ఎక్కడ ఉండాలో విడదీసి నిలపడమే అసలు వ్యూహం. పద్మవ్యూహం అలాంటి మోహరింపే. సంస్కృతంలో 'ఊహ్' ధాతువుకు తోయడం, జరపడం అన్న అర్థం ఉంది. దానికి 'సమ్' చేరితే ఒకచోటికి చేర్చడం, అది సమూహం. 'వి' చేరితే విడదీసి అమర్చడం, అది వ్యూహం. ఆ పని పేరు వ్యూహనం. జన్యువులు బీజకణాల్లోకి విడిపోయి అమరడాన్నే పాఠంలో వ్యూహన అన్నారు. సమూహం, వ్యూహం ఒకే ఇంటి నుంచి ఎదురెదురు దిక్కులకు నడిచిన మాటలు. పాఠం చెప్పేవారు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే పిల్లలకు ఈ పదమంటే టెన్షన్ ఉండదని నా నమ్మకం.

ఇక 'స్వతంత్ర'. వంశపారంపర్య సూత్రాలు చెప్పిన మెండెల్ బఠానీ మొక్కలను సంకరం చేసి గింజ ఆకారాన్నీ రంగునూ కలిపి గమనించాడు. 1866లో అచ్చయిన ఆయన వ్యాసంలో రెండో తరం గింజలు 556. గుండ్రని పసుపువి 315, గుండ్రని ఆకుపచ్చవి 108, ముడతల పసుపువి 101, ముడతల ఆకుపచ్చవి 32. దాదాపు 9:3:3:1. ఇందులో గుండ్రనివి మాత్రమే తీసుకుని రంగు లెక్కేయండి, సుమారు 3:1 వస్తుంది. ముడతలవాటిలోనూ అంతే. అంటే రంగు లెక్కకు ఆకారంతో పనే లేదు. గణితంలో 'స్వతంత్ర ఘటనలు' అన్నప్పటి స్వతంత్రమే ఇది, మరొకదానిపై ఆధారపడకపోవడం. స్వేచ్ఛ అంటే స్వ, ఇచ్ఛ: తన ఇష్టం. జన్యువుకు ఇష్టాయిష్టాలు లేవు కాబట్టి 'స్వేచ్ఛా వ్యూహన' సరికాదు.

వాక్యంలో వాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. 'జన్యువులు స్వతంత్రంగా సంక్రమిస్తాయి' అని వదిలేస్తే దేని నుంచి స్వతంత్రం, తల్లిదండ్రుల నుంచా అన్న ప్రశ్న వస్తుంది. 'ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా' అని విప్పి రాయండి. 'విడివిడిగా' అన్నా చిక్కే, ఒకే జతలోని రెండు యుగ్మవికల్పాలు (ఒకే జన్యువు రెండు రూపాలు) వేరుపడే పృథక్కరణ గుర్తొస్తుంది. 'అన్ని జన్యువులూ' అని కూడా రాయకండి. ఒకే క్రోమోసోమ్ (కణంలో జన్యువులను మోసే పోగు) మీద దగ్గరగా ఉన్నవి తరచు కలిసే వెళ్తాయి, దాన్ని సహలగ్నత అంటారు. 'వేర్వేరు క్రోమోసోముల మీది జన్యువులు' అంటే మాటా సరిపోతుంది, శాస్త్రమూ సరిపోతుంది.