సమాధానం: అన్సెల్మ్ వాదనలో లొసుగు ఎక్కడుంది?

"అన్సెల్మ్ వాదనలో ఏదో తిరకాసు ఉంది, కానీ అది ఎక్కడో దొరకడం లేదు. దీవి ఉదాహరణ రాస్తే మా లెక్చరర్ సరిపోదన్నారు" అని అడిగారు కదా. టెన్షన్ పడకండి, చాలామంది ఆగిపోయేది అక్కడే.

దేవుడున్నాడని నిరూపించడానికి 11వ శతాబ్దంలో క్రైస్తవ సన్యాసి అన్సెల్మ్ చెప్పింది ఇదీ: దేవుడంటే అంతకంటే గొప్పదాన్ని ఊహించలేనిది. అది ఆలోచనలో మాత్రమే ఉంటే, నిజంగా కూడా ఉన్నది దాన్ని మించిపోతుంది. కాబట్టి దేవుడు ఉండి తీరాలి.

గానిలో అనే సన్యాసి అప్పట్లోనే చురక వేశాడు: ఈ లెక్కన అన్నిటికంటే గొప్ప దీవి కూడా ఉండి తీరాలి కదా! బాగుంది గానీ, వాదన ఎక్కడో తప్పిందని చెబుతుందే తప్ప ఎక్కడ తప్పిందో చూపించదు. పైగా దీవికి ఇంకో నాలుగు చెట్లు ఎప్పుడైనా కలపొచ్చు, గొప్పతనానికి హద్దంటూ ఉండదు. మీ లెక్చరర్ అభ్యంతరం బహుశా ఇదే.

అసలు దెబ్బ కొట్టింది 1781లో జర్మన్ తత్వవేత్త కాంట్. 'ఉండటం' వస్తువు లక్షణాల్లో ఒకటి కాదంటాడు. ఊహలోని వంద టాలర్లకు (అప్పటి జర్మన్ వెండి నాణేలు), నిజమైన వంద టాలర్లకు భావంలో ఒక్క నాణెం కూడా తేడా లేదు. తేడా అంతా మన ఆస్తిలోనే. అంటే ఉనికిని కలిపినంత మాత్రాన గొప్పతనం పెరగదు. అన్సెల్మ్ రెండో మెట్టు అక్కడే కూలుతుంది. జవాబులో దీన్నే ముందు పెట్టండి.

అన్నట్టు, మన న్యాయదర్శన పండితుడు ఉదయనుడు దేవుడున్నాడని చేసిన వాదనను ఇందులో కలపకండి. కుండకు కుమ్మరిలా జగత్తుకూ కర్త ఉండాలన్నది లోకాన్ని చూసి చేసే వాదన. అన్సెల్మ్ లోకం వైపే చూడడు.