సిరోంచలో బ్యారేజీ నీళ్లకు మునిగే చేను: వరద సాయం వేరు, భూమి పరిహారం వేరు

మీరడిగింది ఇదీ: మహారాష్ట్ర గడ్‌చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో, మేడిగడ్డ బ్యారేజీకి ఎగువన గోదావరి ఒడ్డు మీద మూడెకరాల పత్తి, మిరప చేను. బ్యారేజీ కట్టినప్పటి నుంచి వానాకాలం మునుగుతోంది. మీ గట్ నంబరు (సర్వే నంబరు) భూసేకరణ జాబితాలో లేదు. తహసీల్ వాళ్లిచ్చే సాయంతో సరిపెట్టుకోవాలా, ఇంకో దారి ఉందా?

దారి ఉంది. మన దగ్గర చాలామంది రెండు దరఖాస్తులనూ ఒకే కాగితంలో కలిపి రాసి రెండూ పోగొట్టుకుంటున్నారు. పంట పోయినందుకు వచ్చేది విపత్తు నిధి సాయం, అది ఆ సీజనుకే. భూమి మునిగినందుకు అడిగేది 2013 భూసేకరణ చట్టం కింద, అది భూమి విలువ మీద. మొదటిది పంచనామాతో (చేలో నష్టం చూసి రాసే నివేదిక) నడుస్తుంది, రెండోది లెవెల్‌తో (సముద్రమట్టం నుంచి నేల ఎత్తు).

లెవెల్ సంగతి ముందు చూద్దాం, అసలు కేసు దాని మీదే నిలబడుతుంది. 2016 ఆగస్టులో మహారాష్ట్ర, తెలంగాణ చేసుకున్న ఒప్పందంలో మేడిగడ్డ పూర్తి నీటిమట్టం సముద్రమట్టం నుంచి 100 మీటర్లు. మీ చేను ఈ గీతకు కింద ఉంటే సేకరించాల్సిన భూమే, జాబితాలో లేకపోవడం సర్వే తప్పు అని నేరుగా వాదించొచ్చు. పైన ఉంటే కేసు కష్టం, కానీ లేకపోలేదు. ఫోన్‌లో కనిపించే ఎత్తును మాత్రం నమ్మకండి. కొన్ని యాప్‌లు సముద్రమట్టం కాకుండా వేరే లెక్కలో ఎత్తు చూపిస్తాయి, మన ప్రాంతంలో తేడా పదుల మీటర్లు వస్తుంది. డీజీపీఎస్ (ఉపగ్రహాలతో కచ్చితంగా కొలిచే పరికరం) సర్వేయర్‌ను పెట్టుకున్నా, ప్రాజెక్టు వాళ్లు వాడిన బెంచ్‌మార్క్‌కే (ఎత్తు తెలిసిన ఆధార గుర్తు) కలిపి రీడింగ్ ఇవ్వమని ముందే మాట్లాడుకోండి. లేకపోతే రిపోర్టును మొదటి విచారణలోనే పక్కన పెడతారు. హద్దుల కోసం భూమి అభిలేఖ్ (భూ రికార్డుల) ఆఫీసులో మోజణీకి (కొలతకు) డబ్బు కట్టి ‘క’ ప్రత్ (కొలత నక్షా నకలు) తీసుకోండి. లెవెల్ పాయింట్లు ఆ నక్షా మీదే పడాలి.

గీతకు పైన ఉన్నవాళ్లకు అధికారులు చెప్పే జవాబు ఒకటే: ‘వరదలో గేట్లన్నీ ఎత్తేస్తాం, అది సహజ వరద.’ 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకులో పియర్లు (గేట్ల మధ్య స్తంభాలు) కుంగాక నీళ్లు నిలపడం ఆపేశారు కాబట్టి ఈ జవాబు ఇంకా తేలికైంది. అందుకే 2019 నుంచి 2023 దాకా నీళ్లు నిలిపిన ఏళ్లను ఒక పట్టికగా, ఆ తర్వాతి ఏళ్లను వేరే పట్టికగా రాయండి. నదికి అడ్డంగా పియర్లు, గట్లు ఉన్నప్పుడు గేట్లు ఎత్తినా ఎగువన మట్టం ఎంతో కొంత పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో డిజైన్ లెక్కల్లో ఉంటుంది. బ్యారేజీ ఉంటే, లేకపోతే నీటిమట్టం ఎక్కడెక్కడ ఎంత అన్న ఆ పట్టికను, మునిగిన తేదీల్లో గంటగంటకూ వదిలిన నీటి లెక్కను సమాచార హక్కు కింద అడగండి. బ్యారేజీ నడిపేది తెలంగాణ నీటిపారుదల శాఖ. గడ్‌చిరోలి కలెక్టరేట్‌లో అడిగితే మా దగ్గర లేదంటారు, లేదా పైకి పంపి నెలలు గడుపుతారు. ఫీజు పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. కేంద్ర జలసంఘానికి కాళేశ్వరం దగ్గర, ప్రాణహిత మీద టేక్రా దగ్గర నీటిమట్టం కొలిచే గేజ్‌లున్నాయి. ఆ రీడింగులూ పెట్టుకోండి.

ఇప్పుడు పంచనామా. తలాఠీ (గ్రామ రెవెన్యూ అధికారి) రాసే కారణం గడిలో సాధారణంగా ‘అతివృష్టి’ అని పడుతుంది. ఆ ఒక్క మాట తర్వాత బ్యారేజీతో లంకె తెంపేస్తుంది. నది నీళ్లు ఏ వైపు నుంచి ఎక్కాయి, ఎన్ని రోజులు నిలిచాయి అని రాయించండి. మనలో మరాఠీ మాట్లాడేవాళ్లే గానీ చదివేవాళ్లు తక్కువ. బడిలో మరాఠీ చదివిన పిల్లలెవరితోనైనా పైకి చదివించుకోకుండా సంతకం పెట్టొద్దు.

నీళ్లు తగ్గిన రోజే చెట్ల మొదళ్ల మీద, కరెంటు స్తంభం మీద బురద చార కనిపిస్తుంది. నేల నుంచి ఆ చార దాకా టేపు పట్టి ఫొటో తీయండి. ఆ ఎత్తులో మేకు కొట్టి రంగు వేయండి. వాన కడిగేశాక కూడా సర్వేయర్ ఆ మేకుకు లెవెల్ తీయగలడు. ఇసుక మేట వేస్తే నాలుగు మూలలా, నడిమధ్యలో పారతో తవ్వి, పాత నల్లమట్టి తగిలేదాకా లోతు కొలవండి. 2022–26 కేంద్ర నిబంధనల ప్రకారం మేట 3 అంగుళాలు దాటితేనే చిన్న, సన్నకారు రైతుకు హెక్టారుకు 18,000 రూపాయలు. నది దారి మారి భూమే కొట్టుకుపోతే 47,000.

పంట 33 శాతం పైన పోతే అదే నిబంధనల్లో వర్షాధారానికి హెక్టారుకు 8,500, నీటి వసతి ఉంటే 17,000, రెండు హెక్టార్ల వరకు. మీకు బోరుండి సాత్‌బారాలో (7/12 భూమి రికార్డు) ‘జిరాయత్’ (వర్షాధారం) అని ఉంటే సగమే వస్తుంది. ముందు బోరు నమోదు చేయించండి. ఈ-పీక్ పాహణీ (యాప్‌లో పంట నమోదు) సాధారణంగా ఆగస్టులో తెరుస్తారు, మన వరద జులైలోనే వస్తుంది. యాప్‌లో ఎక్కించే వేళకు చేలో మొక్క ఉండదు, ‘పడీత్’ (బీడు) అని పడుతుంది. విత్తనాల బిల్లు, మొలకల ఫొటో తీసి పెట్టుకోవడం తప్ప దీనికి మందు లేదు. మేట వేసిన ముక్కను సాత్‌బారాలో ‘పోట్‌ఖరాబా’లోకి మార్చనివ్వకండి. సాగుకు పనికిరాని భూమిగా లెక్కేస్తే ధర పడిపోతుంది.

పేర్లు కూడా చూసుకోండి. మనకు ఇంటిపేరు ముందు, సాత్‌బారాలో చివర. ఆధార్‌తో కలవక డబ్బు తిరిగిపోతుంది. రాత తప్పు అయితే మహారాష్ట్ర భూమి రెవెన్యూ చట్టం సెక్షన్ 155 కింద తహసీల్దార్ దిద్దుతారు. తాత పేరు మీదే ఉంటే వారస్ (వారసుల) నమోదు ముందు కావాలి.

సేకరణ దాకా వస్తే ధర ఇలా కడతారు: దగ్గర్లో మూడేళ్లలో జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర ఉన్న సగం తీసుకుని సగటు కడతారు. రెడీ రెకనర్ ధర (ప్రభుత్వం నిర్ణయించిన రిజిస్ట్రేషన్ ధర) అంతకంటే ఎక్కువైతే దాన్నే తీసుకుంటారు. దాన్ని 1 నుంచి 2 మధ్య గుణకంతో హెచ్చించి, బోరు, చెట్ల విలువ కలిపి, మొత్తం మీద 100 శాతం సోలేషియం (భూమి పోయినందుకు ఊరట సొమ్ము). మార్కెట్ విలువ మీద మాత్రం ఏటా 12 శాతం అదనం. మన దగ్గర అమ్మకాలు తక్కువ, పత్రంలో రాసే ధర ఇంకా తక్కువ. అందుకే దుయ్యం నిబంధక్ (సబ్ రిజిస్ట్రార్) ఆఫీసు నుంచి ఎక్కువ ధర ఉన్న ఇండెక్స్-2 (అమ్మకం వివరాల సారాంశం) నకళ్లు మీరే తెచ్చి ఇవ్వాలి, ఆఫీసు వెతకదు. కౌలుదారు మూడేళ్లుగా సాగు చేస్తూ అదే బతుకుదెరువైతే అతనూ బాధిత కుటుంబమే, అటవీ హక్కు పట్టా ఉన్నవాళ్లు భూయజమానులే. సిరోంచ రాజ్యాంగం అయిదో షెడ్యూల్ కింద గిరిజన తాలూకా కాబట్టి గ్రామసభ తీర్మానం జత చేయండి.

నేరుగా కొనుగోలుకు ఒప్పుకోమని, ఇప్పుడే ఎక్కువ వస్తుందని ఊరిస్తారు. ఖరీదుపత్రం మీద సంతకం పడితే ధర చాలదని 2013 చట్టం సెక్షన్ 64 కింద వెళ్లే దారి మూసుకుపోతుంది. అవార్డు (పరిహారం ఖరారు చేసే కలెక్టర్ ఉత్తర్వు) దారిలో వెళ్తే, అవార్డు ఇచ్చేటప్పుడు మీరు అక్కడ ఉంటే ఆ రోజు నుంచి ఆరు వారాల్లో రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. డబ్బు తీసుకునేటప్పుడు రసీదు మీద ‘అభ్యంతరంతో తీసుకున్నాను’ అని మరాఠీలోనే రాయండి.