మ్యాపు పచ్చగానే ఉంది, పసుపు వేయొచ్చా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర. ఐదెకరాలు, మూడు రేగడి, రెండు చెల్క (ఎర్ర ఇసుక నేల). ఏటా పత్తే. ఈసారి కొంత పసుపు వేద్దామంటే, మా అబ్బాయి కంప్యూటర్‌లో నేల, వాన, వాలు మ్యాపులు కలిపి చూసి భూమంతా 'బాగా అనుకూలం' అని తేల్చాడు. రేగడిలో నీళ్ళు నిలుస్తాయిరా అంటే వినడు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: నీళ్ళ విషయంలో మీ మాటే. అలాగని మీవాడి కష్టం వృథా అనను, కానీ ఆ మ్యాపులో ఒక్కో గడి ఎంతో అడగండి. చాలామంది వాడే సాయిల్‌గ్రిడ్స్ అనే ప్రపంచ నేలల మ్యాపులో అయితే గడి 250 మీటర్లు, అంటే ఒక్కదాంట్లోనే దాదాపు 15 ఎకరాలు. మీ రేగడి, మీ చెల్క, పక్కాయన పొలం అన్నిటికీ కలిపి ఒకటే రంగు!

అసలు తిరకాసు మార్కుల దగ్గరుంది. వానకు ఇన్ని, వాలుకు ఇన్ని అని వేసి కూడితే, నీరు ఇంకకపోవడమనే లోపం మిగతా మంచి మార్కుల చాటున దాక్కుంటుంది. దుంపకు సగటుతో పనేముంది, నీళ్ళు నిలిస్తే కుళ్ళుతుంది అంతే. అందుకే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) 1976లో ఇచ్చిన పద్ధతి వాడేవాళ్ళు చాలామంది కూడికలు పెట్టుకోరు, అన్నిటికన్నా అధ్వానంగా ఉన్న గుణాన్ని బట్టే ఎస్1 (బాగా అనుకూలం), ఎస్2 (ఓ మోస్తరు), ఎస్3 (అంతంతమాత్రం), ఎన్ (పనికిరాదు) అని తరగతి ఇస్తారు. అబ్బాయిని ఆ లెక్కన మళ్ళీ చేయమనండి.

సెంటినెల్-2 ఉపగ్రహం బొమ్మలూ ఉచితమే, గడి 10 మీటర్లు, ఎకరానికి 40 దాకా వస్తాయి. ఆగస్టులో మబ్బులే కనిపిస్తాయి గనుక మూడు నాలుగేళ్ళ అక్టోబర్ బొమ్మలు పక్కపక్కన పెట్టి, ఏటా ఒకేచోట పైరు పలచబడుతోందా చూడండి. అక్కడొకటి, బాగున్నచోట ఒకటి మూడడుగుల గుంత తీయండి. మొరం ఎంత లోతులో తగిలిందో చూసి, నిండా నీళ్ళు పోసి, అవి ఇంకిపోయాక మళ్ళీ నింపి తెల్లారి వెళ్ళండి. నీళ్ళు అలాగే ఉంటే అక్కడ పసుపు మాట మరిచిపోండి. మట్టి పరీక్షకు మాత్రం రేగడి, చెల్క ఒకే సంచిలో కలిపి పంపకండి (కలిపి పంపి, తర్వాత రిపోర్టే తప్పంటారు చాలామంది).

నన్నడిగితే చెల్కలో అరెకరం, ఎత్తు బెడ్ల మీద, డ్రిప్‌తో మొదలుపెట్టండి. పసుపు ఎనిమిది తొమ్మిది నెలల పంట, సంక్రాంతికి కూడా మీ బోరు పోస్తుందా లేదా అన్నది ఆ మ్యాపుల్లో ఉండదు. రేగడిలో ఒక ఎకరం పత్తి తగ్గించి, వానలు వెనక్కి తగ్గాక మిగిలిన తేమ మీద యాసంగి శనగ వేసి చూడండి. గుంతల ఫొటోలు, మట్టి రిపోర్టు పట్టుకుని మామునూరు కృషి విజ్ఞాన కేంద్రానికి ఇద్దరూ కలిసే వెళ్ళండి.