పింఛను వయసు వెనక్కి జరుగుతుంటే పొదుపు లెక్క ఎలా?

ప్రశ్న: నా వయసు 41. జననాలు తగ్గి వృద్ధులు పెరుగుతున్నందున పింఛను నిధులకు ముప్పు తప్పదంటున్నారు. పిల్లలను కంటే నగదు సాయం ఇస్తామని ప్రభుత్వాలు ప్రకటిస్తున్నాయి. దీంతో పరిస్థితి చక్కబడుతుందా, లేక పింఛనును లెక్కలోంచి తీసేయాలా?

జవాబు: తీసేయవద్దు. అయితే అది ఆలస్యంగా, కాస్త పలచబడి చేతికొస్తుందన్న అంచనాతో లెక్క వేసుకోండి. ఈ ఏడాది పుట్టిన బిడ్డ ఉద్యోగంలో చేరి పింఛను నిధికి చందా కట్టడానికి ఇరవై ఏళ్లకు పైగా పడుతుంది. అప్పటికి మీరు పదవీ విరమణకు చేరువవుతారు. పైగా ఆ సాయం వల్ల వచ్చే ఫలితమూ అంతంత మాత్రమే. ఏళ్ల తరబడి భారీగా ఖర్చుపెట్టిన దక్షిణ కొరియాలో సంతానోత్పత్తి రేటు (ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య) 2023లో 0.72కు పడిపోయింది, వలసలు లేకుండా జనాభా నిలకడగా ఉండాలంటే అది 2.1 దగ్గర ఉండాలి.

కాబట్టి మీ తరం విషయంలో ప్రభుత్వాలు ఎక్కువగా చందా పెంచడం, పింఛను వయసు వెనక్కి జరపడం, చేతికొచ్చే పింఛను మొత్తాన్ని తగ్గించడం వైపే చూస్తాయి. డెన్మార్క్ 2040 నాటికి పింఛను వయసును 70కి చేర్చే చట్టాన్ని 2025లో ఆమోదించింది. ఇలాంటి మార్పు అందరికీ తెలుస్తుంది, కోతే కంటికి కనిపించదు. జపాన్ 2004 సంస్కరణలో ఉద్యోగుల పింఛను చందాకు జీతంలో 18.3 శాతం వద్ద పరిమితి పెట్టి, చందాదారులు తగ్గేకొద్దీ, ఆయుర్దాయం పెరిగేకొద్దీ పింఛను పెంపు ధరల వెనకే ఉండిపోయే ఏర్పాటు చేసింది. కాగితం మీద అంకె తగ్గదు. కానీ ధరల కంటే పింఛను ఏటా 1 శాతం తక్కువగా పెరిగితే, ఇరవై ఏళ్లలో దాని కొనుగోలు శక్తి సుమారు 18 శాతం కరిగిపోతుంది.

మీరు అనుకున్న వయసుకు, పింఛను మొదలయ్యే వయసుకు మధ్య మూడేళ్ల ఖాళీ వస్తుందనుకోండి. దానికి 36 నెలల ఖర్చు విడిగా ఉండాలి. రాబడి ధరల పెరుగుదలకు సరిపోతే చాలనుకుంటే, ఇరవై ఏళ్లపాటు నెల ఖర్చులో 15 శాతం పక్కన పెడితే అది సమకూరుతుంది. ఈ సొమ్మును మిగతా పొదుపుతో కలపకండి, విరమణ దగ్గరపడ్డాక ఒడిదుడుకులున్న పెట్టుబడుల్లో ఉంచకండి. శరీరశ్రమ మీద ఆధారపడిన పని అయితే మూడేళ్లు చాలవు, అయిదేళ్లకు సిద్ధపడండి. కుర్చీలో కూర్చునేవారిని, బరువులు మోసేవారిని ఒకే వయసుకు కట్టిపడేయడం న్యాయమని నేననుకోను, కానీ నిబంధనలు చాలాచోట్ల అలాగే ఉన్నాయి.

మీ ఆరోగ్యం సహకరించి అదనంగా పనిచేయగలిగితే, ఆలస్యంగా తీసుకున్నందుకు పింఛను ఎంత పెరుగుతుందో మీ పథకం నిబంధనల్లో చూడండి. జపాన్‌లో 65 తర్వాత వాయిదా వేసిన ప్రతి నెలకు 0.7 శాతం కలుస్తుంది, 75 ఏళ్ల వరకు ఆగితే మొత్తం 84 శాతం అధికం. మీ పథకంలోనూ ఇలాంటి వెసులుబాటు ఉంటే, పక్కన పెట్టిన ఆ సొమ్మును పింఛను తీసుకోకుండా ఆగే నెలల ఖర్చులకూ వాడుకోవచ్చు.