అక్క దేన్ని క్షమించింది?

అమ్మాయీ,

నీ నవల రాతప్రతి చదివాను. అక్కాచెల్లెళ్ల మాటతీరు బాగా పట్టుకున్నావు. ఒకరి మాట ఒకరు పూర్తి కానివ్వరు, అయినా ఇద్దరికీ అర్థమైపోతుంది. అది నేర్పితే వచ్చేది కాదు. అందుకే చివరి అధ్యాయం దగ్గర కోపం వచ్చింది. ఏళ్ల తరబడి ముఖాలు చూసుకోని ఇద్దరూ తల్లి ఆసుపత్రి మంచం పక్కన పట్టుకుని ఏడ్చారు, అంతా సర్దుకుంది అన్నావు. అక్క దేన్ని క్షమించిందో నాకు తెలియలేదు. నీకు తెలుసా?

గొడవ పొలం గురించి అని చెప్పి వదిలేశావు. నువ్వు రాసిన తేదీలే మళ్లీ చూడు. పెద్దదాని పెళ్లి 1983లో, చిన్నదానిది 1989లో. పిత్రార్జితంలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన చట్ట సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. ఆ తేదీకి ముందే పెళ్లయిన ఆడపిల్లలకు మాత్రం అది వర్తించలేదు. అంటే ఒకే కడుపున పుట్టిన ఇద్దరిలో చెల్లెలికి అన్నతో సమానంగా వాటా ఉంది. అక్కకు, తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన పాలులో వచ్చే కొద్దిపాటి భాగమే దిక్కు. రెండేళ్లు ముందుగా ముహూర్తం కుదిరినందుకు ఆమె వాటా పోయింది. ఇంత కథ చేతిలో పెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తావేమిటమ్మా?

1994లో చెల్లెలు తన వాటా వదులుకుంటూ అన్నకు హక్కు విడుదల పత్రం రాసిచ్చిందని ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ ఆగు. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం వరండాలో ఆమె ఎంతసేపు కూర్చుంది? దస్తావేజు రాసినతను అంతా చదివి వినిపించాడా, వేలు పెట్టాల్సిన చోటు మాత్రం చూపించాడా? బొటనవేలికి అంటిన సిరా గోడకు రుద్దిందా, వదిన పెట్టిన కొత్త చీర పాడవుతుందని పాత కాగితం కోసం వెతికిందా? ఆమెను ఎవరూ బెదిరించలేదు. పండక్కి వస్తే తలుపు తీసే పుట్టిల్లు ఒకటి మిగలాలని సంతకం చేసింది. అన్న మీద ఆ ప్రేమే అక్కకు ద్రోహమైంది. చట్టం తనకివ్వని వాటా చెల్లెలి చేతికొచ్చింది, ఆమె తనతో ఒక్క మాటైనా అనకుండా వదిలేసుకుంది. ఇద్దరి బాధా న్యాయమైనదే, ఇద్దరి పక్కనా నిలబడి రాయి. అన్నను దుర్మార్గుడిని చేసి బయటపడాలని చూడకు. నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించే దారి అది.

తర్వాత 2005 ఉంది. ఆ ఏడాది కేంద్రం తెచ్చిన సవరణ పెళ్లయిన కూతుళ్లకూ పుట్టుకతో హక్కు ఇచ్చింది, కానీ 2004 డిసెంబరు 20కి ముందే జరిగిపోయిన పంపకాలను కదపలేదు. నీ కథలో తండ్రీకొడుకుల పంపకం అప్పటికే రిజిస్టరైపోయింది. అక్క ఆ వార్తను పేపర్లో చదివిన ఉదయం నీ నవలలో ఎక్కడా లేదు. ఆమె పేపరు మడిచి భర్తకు ఇస్తుందా, దాచుకుంటుందా? నాకైతే ఆ పేజీ కావాలి.

ఇక క్షమాపణ. చెల్లెలి కన్నీళ్లు చాలవు, ఆమె ఏదో పోగొట్టుకోవాలి. మేనల్లుడి పెళ్లిలో, అందరి ముందు, "అక్కను అడగకుండా నేను సంతకం చేసి ఉండకూడదు, అన్నయ్యా" అననీ. ఏ పుట్టింటి కోసం వేలిముద్ర వేసిందో, ఆ ఇంటి గడప ఆ మాటతో దూరమవుతుంది. అప్పుడు అక్క ఏం చేస్తుందో ముందే నిర్ణయించుకోకు. క్షమించకపోయినా పాఠకులు నీ మీద అలగరు.

ముందు ఆ వరండా అధ్యాయం రాసి పంపు. ఆసుపత్రి తీసేసి తల్లిని బతకనివ్వు. చిన్న కూతురు సంతకం పెడుతున్నప్పుడు నువ్వెక్కడున్నావని ఆవిడను కూడా ఎవరో ఒకరు అడగాలి కదా.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ లాంటి ఒక రచయిత్రి